భాగ్యనగర నిర్మాత మహమ్మదు కులీ కుతుబుషా

విద్యార్థులారా! మీరు దినదినము పాఠశాలకు నడచివచ్చు వీధిని ఎన్నడైనను పరికించి చూచితిరా? తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని పాత పేటలయందు నడచునప్పుడు ఒక సంగతి స్పష్టముగా గోచరించును. ఒక ఇంటి అరుగు ముందునకు జరిగి యుండును. దాని ప్రక్క ఇల్లు నాలుగడుగులు వెనుకకు తగ్గి యుండును. ఇరువైపుల ఇండ్లు లేవగా నడుమ మిగిలిన చోటే వీధి యైనది. మొదట ఇల్లు, పిమ్మట వీధి. మన పల్లెలును పట్టణములును సాధారణముగా పెరిగిన తీరు ఇదియే. పేర్లును అట్లే పుట్టినవి. గుడి యున్నచోటు గుడివీధి యైనది. సంత జరుగుచోటు సంతపేట యైనది.

అయితే మొదట వీధులను గీచి, ఆ వీధులకు లోబడి ఇండ్లు కట్టించిన నగరములును లోకమున కొన్ని కలవు. అట్టి నగర మొకటి మన తెలుగునాటనే, నాలుగు వందల సంవత్సరములకు పూర్వము, ఒక రాజ్యమునకు రాజధానిగా వెలసినది. అది హైదరాబాదు. దానిని నిర్మించిన ప్రభువు గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబుషా. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములును ఆనాడు ఆతని యేలుబడిలోనివే. కావున ఆతని చరిత్రము మనకు పరాయివారి కథ కాదు.

కుతుబుషాహీ వంశమునకు మూలపురుషుడు సుల్తాన్ కులీ. అతడు పారశీక దేశమందలి హమదాను ప్రాంతమునుండి దక్కనునకు వచ్చి, బహమనీ సుల్తానుల కొలువులో చేరి, తన పరాక్రమముచే తెలంగాణమునకు అధికారి యయ్యెను. బహమనీ రాజ్యము క్షీణింపగా 1518 ప్రాంతమున గోలకొండలో స్వతంత్రుడయ్యెను. ఆతని కుమారులలో ఒకడు ఇబ్రహీము. ఇబ్రహీము యౌవనమున తన యన్నకు వెఱచి విజయనగరమునకు వెడలి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడు సంవత్సరములు గడపెను. అచ్చట ఆతనికి తెలుగు భాషపై మక్కువ కలిగెను. 1550లో గోలకొండ సింహాసనము నెక్కిన తరువాతను ఆ మక్కువ తగ్గలేదు. తెలుగు కవులు ఆతనిని మల్కిభరాముడని ప్రేమతో పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికి అంకిత మొసగెను.

కాని రాజకీయముల గతి వేఱు. 1565లో దక్కను సుల్తానులు ఏకమై రక్కసి తంగడి యుద్ధమున రామరాయలను సంహరించిరి. తనకు ఆశ్రయమిచ్చిన వానిపై ఇబ్రహీము కూడ ఆనాడు కత్తి దూసెను. విశాలమైన బజారులతో విదేశ యాత్రికులను అచ్చెరు వొందించిన విజయనగరము దోపిడికి గురియై పాడువడెను. అది మరల తన పూర్వవైభవమును పొందలేదు. ఆ మహానగరము కూలిన కాలముననే, 1565 ప్రాంతమున, గోలకొండలో ఇబ్రహీమునకు మహమ్మదు కులీ జన్మించెను. తండ్రి ఒక రాజధాని పతనమున పాల్గొనగా, కుమారుడు మఱియొక రాజధానిని నిర్మించుటకు పుట్టెను.

1580లో ఇబ్రహీము మరణించెను. మహమ్మదు కులీ సింహాసనమునకు వచ్చెను. అప్పటికి ఆతని వయస్సు ఇంచుమించు 15 సంవత్సరములు. అనగా మీకంటె కొంచెమే పెద్దవాడు. ఆతడు పట్టమునకు వచ్చుటకు కొలదికాలము ముందే కొండవీటి దుర్గము గోలకొండకు వశమై యుండెను. ఆ సీమకు ముర్తజానగరమని క్రొత్త పేరు కలిగెను. కృష్ణానదికి దక్షిణముననున్న మన ప్రాంతములు ఆ విధముగా గోలకొండ రాజ్యమున చేరినవి.

యువకుడైన రాజునకు తండ్రినుండి రాజ్యముతోపాటు ఒక చిక్కును సంక్రమించెను. గోలకొండ దుర్గము దుర్భేద్యమైనది. కొండపై రాజమందిరములు, క్రింద ప్రాకారముల లోపల సైనికుల ఇండ్లు, వర్తకుల అంగళ్లు, పనివారల గుడిసెలు ఉండెను. వజ్రముల వర్తకముచే గోలకొండ పేరు దూరదేశములలో మ్రోగుచుండెను. కావున నానాటికి జనము పెరిగెను. కాని గోడలు పెరుగలేదు. దుర్గము చెరువునుండి మట్టి గొట్టముల ద్వారా తెచ్చిన నీరు అందఱకు చాలదయ్యెను. ఇరుకు సందులలో గాలియు వెలుతురును కొఱవడెను. అంటువ్యాధులు తల యెత్తెను. కోటగోడ శత్రువును వెలుపల నిలుపగలదు. రోగమును మాత్రము వెలుపల నిలుపజాలదు.

ఈ స్థితిలో రాజు చేయదగిన పనులు రెండు. మొదటిది, కోట వెలుపల మఱియొక గోడ కట్టి ఇరుకును కొంత సడలించుట. ఇది సులభము, పైగా క్షేమకరము. రెండవది, గోడలను విడిచి, నీరును గాలియు గల మైదానమున క్రొత్త నగరమును నిర్మించుట. ఇది కష్టము; పైగా ప్రమాదముతో కూడినది. విజయనగరమునకు పట్టిన గతిని ఎఱిగిన కాలమున, గోడలేని రాజధానిని తలపెట్టుటకు ఎంత తెగువ కావలెనో ఊహింపుడు. మహమ్మదు కులీ రెండవ మార్గమునే ఎన్నుకొనెను.

ఆతనికి ఈ కార్యమున తోడ్పడిన మహనీయుడు మీరు మోమిను అస్తరాబాదీ. అతడు పారశీకమునుండి వచ్చిన గొప్ప పండితుడు. 1585లో రాజు అతనిని పేష్వాగా, అనగా ప్రధానమంత్రిగా నియమించెను. నగరమునకు రూపురేఖలు దిద్దినవాడు అతడే యని చరిత్రకారులు చెప్పుదురు.

వారు ఎన్నుకొన్న స్థలము గోలకొండకు తూర్పున సుమారు 8 కిలోమీటర్ల దూరమున, మూసీనదికి దక్షిణపు టొడ్డున నున్నది. 1578లోనే ఇబ్రహీము మూసీపై రాతి వంతెన కట్టించి యుండెను. నేడు దానిని పురానాపూల్ అని పిలుతురు. అనగా పాత వంతెన యని అర్థము. నదిని దాటు దారి ముందే సిద్ధమై యుండుటచే అవతలి యొడ్డున నగరము కట్టుట సుకరమయ్యెను. హిజరీ శకమున వేయవ సంవత్సరము వచ్చుచుండగా, 1591లో, నగర నిర్మాణము ప్రారంభమయ్యెను.

ఒక కాగితము తీసికొని దానిపై కూడిక గుర్తును గీయుడు. హైదరాబాదు నగరపు మూలరేఖ అదియే. ఒక రాజమార్గము తూర్పునుండి పడమరకు, మఱియొకటి ఉత్తరమునుండి దక్షిణమునకు సాగినవి. పడమటి వీధి పాత వంతెన మీదుగా గోలకొండకు చేరును. తూర్పు వీధి మచిలీపట్టణపు రేవునకు పోవు బాటలో కలియును. ఉత్తరపు వీధి మూసీనదికి పోవును. దక్షిణపు వీధి కొండలవైపు సాగును. ఈ నాలుగు వీధులు నగరమును నాలుగు భాగములుగా విభజించెను. వాయవ్య భాగమును రాజమందిరములకై ప్రత్యేకించిరి. తక్కిన భాగములలో సర్దారులకును, ఉద్యోగులకును, వర్తకులకును, వృత్తి పనివారలకును స్థలము లేర్పడెను. రాజమార్గముల కిరువైపుల వరుసగా అంగళ్లు తీర్చిరి. వాని సంఖ్య 14,000 అని పాత వృత్తాంతములు తెలుపుచున్నవి. మసీదులు, పాఠశాలలు, స్నానశాలలు, బాటసారులకు సరాయిలు కూడ వెలసెను.

ఇక ఆ కూడిక గుర్తు నడిమి బిందువును చూడుడు. నాలుగు వీధులు కలిసికొను ఆ స్థానము నగరమునకు హృదయము వంటిది. సాధారణముగా రాజులు అట్టి చోట తమ సౌధమును నిలుపుకొందురు. మహమ్మదు కులీ అట్లు చేయలేదు. తన మందిరములను ఒక మూలకు జరిపి, నగర హృదయమున చార్మినారును నిలిపెను. చార్మినారనగా నాలుగు మీనారులు గల కట్టడము. దాని ఒక్కొక్క వైపు సుమారు 20 మీటర్ల పొడవు కలది. నాలుగు దిక్కులకు తెఱచిన నాలుగు పెద్ద కమానులు ఒక్కొక్కటి 11 మీటర్ల వెడల్పు కలవి. మూలల నున్న మీనారులు సుమారు 56 మీటర్ల ఎత్తునకు లేచి యున్నవి. రాతితోను, సున్నముతోను కట్టిన ఈ కట్టడపు పై అంతస్తున ఒక మసీదు కలదు. లోపలి మెట్లు 149. మహమ్మారి శాంతించినందులకు కృతజ్ఞతగా దీనిని కట్టిరని కొందఱును, హిజరీ సహస్రాబ్దికి గుర్తుగా కట్టిరని కొందఱును అందురు. ఏ దిక్కునుండి వచ్చువానికైనను దారి చూపుచు, ఎవ్వరికిని తలుపు మూయక నిలిచినది ఆ కట్టడము. దానిపై నేడు కనబడు గడియారములు మాత్రము 1889లో అమర్చినవి.

చార్మినారునకు ఉత్తరమున కొంత దూరమున 1592లో మఱి నాలుగు ఉన్నతమైన కమానులను నాలుగు దిక్కుల నిర్మించిరి. వాని నడుమ ఒక జలాశయమును, నీటి చిమ్మెనను ఏర్పఱచిరి. పడమటి కమాను గుండ రాజమందిరమునకు దారి పోవును. తూర్పు కమానుపై రాజనగారా మ్రోగుచుండెడిది. నడుమనున్న విశాల స్థలమున సైనికులు బారులు తీరుచుండిరి.

1595లో మహమ్మదు కులీ నగరమున దారుష్షిఫా అను రెండంతస్తుల వైద్యశాలను నెలకొల్పెను. అచ్చట నాలుగు వందలమంది రోగులు ఉండుటకు వసతి కలదనియు, చికిత్సతోపాటు యునానీ వైద్యవిద్యా బోధన కూడ జరుగుచుండె ననియు చెప్పుదురు. వ్యాధులకు వెఱచి కోట విడిచిన రాజు, క్రొత్త నగరమున వైద్యశాలకు చోటు మఱువలేదు.

ఈ నగర నిర్మాణము కాలమును బట్టి చూచినను గొప్పది. పారశీకమున షా అబ్బాసు ఇస్ఫహానును రాజధానిగా చేసికొన్నది 1598లో. ఢిల్లీలో షాజహాను చక్రవర్తి కాలమున చాందినీ చౌకు వెలసినది హైదరాబాదు పుట్టిన అర్ధశతాబ్దమునకు పిమ్మట. ఆ విధముగా మన తెలుగు గడ్డపై గీచిన వీధులు ఆ ప్రఖ్యాత నగరముల వీధులకంటె ముందువి.

నగరమునకు పేరు పెట్టుటలో కూడ ఒక విశేషము కలదు. తుగ్లకు కట్టిన నగరము తుగ్లకాబాదు. షాజహాను కట్టిన నగరము షాజహానాబాదు. మహమ్మదు కులీ తండ్రి పేర ఇబ్రహీంపట్నము వెలసినది. మహమ్మదు కులీ మాత్రము తన రాజధానికి తన పేరు పెట్టుకొనలేదు. భాగ్మతి యను స్త్రీ పేర దానికి భాగ్యనగరమని పేరు వచ్చెనని ఒక కథ జనశ్రుతిలో కలదు. ఆమె చిచ్లము గ్రామమునకు చెందినదనియు, ఆ గ్రామమున్న చోటనే నగరము వెలసె ననియు చెప్పుదురు. తోటలు మెండుగ నుండుటచే బాగ్ నగరమను పేరు కలిగెనని మఱికొందఱి మతము. ఈ విషయమున చరిత్రకారులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. హజ్రత్ అలీకి గల హైదరు అను బిరుదమును బట్టి హైదరాబాదను పేరు స్థిరపడెను. 17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి యాత్రికులు బాగ్ నగరమను పేరునే తమ గ్రంథములలో వాడిరి.

వీధులకును కమానులకును రాజాస్థానము పెట్టిన పేర్లు కొన్ని. జనుల నాలుకపై నిలిచిన పేర్లు కొన్ని. రాజమందిరమునకు పోవు పడమటి కమానునకు మాయను హరించునది యను అర్థము వచ్చునట్లు సహరె బాతిల్ అని పేరిడిరి. ఆ పారశీక పదములు నోట తిరుగక జనులు దానిని షేరె బాతిల్ అనిరి. దానితో మాయ పోయి, అందులోనికి సింహము వచ్చి చేరెను! నగారా మ్రోగిన తూర్పు కమాను కాలీ కమానైనది. ఉత్తరపు కమాను మచిలీ కమానైనది. మచిలీ యనగా చేప. నడుమ నున్న జలాశయము గుల్జారు హౌజైనది. బిడారులు దిగు చోటు కార్వానైనది. మీరు మోమిను శాశ్వత నిద్ర పొందిన శ్మశానవాటిక నేటికిని ఆతని పేరనే దాయిరాగా ప్రసిద్ధము.

ఆజ్ఞచే వచ్చిన పేరునకు ఆజ్ఞచేతనే మార్పు కలుగుట సహజము. 1911లో సంకల్పించి 1931లో ప్రారంభించిన క్రొత్త ఢిల్లీ నగరమును చూడుడు. అందలి ప్రధాన వీధికి ఆంగ్ల ప్రభువులు రాజు పేర కింగ్స్‌వే అని నామకరణము చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప అది రాజపథ్ అయినది. 2022లో కర్తవ్యపథ్ అయినది. ఒకే వీధికి నూరేండ్లు నిండకముందే మూడు పేర్లు! కాని ఎవ్వరును ఆజ్ఞాపింపని కాలీ కమాను పేరు రాజ్యములు మారినను మారలేదు.

మహమ్మదు కులీ కేవలము నిర్మాత కాడు, కవి కూడ. దక్కనీ భాషలో ఆతడు వేలకొలది పద్యములు రచించెను. వానకాలమును, వసంతోత్సవమును, పండుగలను, పండ్లను, కూరగాయలను గూర్చి సైతము కవిత చెప్పెను. ఆతని కవితలో తెలుగు పదములును చోటుచేసికొన్నవి. ఆతని రచనలను ఆతని అనంతరము రాజైన మహమ్మదు కుతుబుషా ఒక సంపుటముగా కూర్పించెను.

ఇంతవఱకు చెప్పినదంతయు ఆతని కీర్తి. అయితే చరిత్రము చదువువారు రెండవ వైపును చూడవలెను. మహానగరమును కట్టుటకు ధనమెచ్చటనుండి వచ్చినది? రాజ్యమున పన్నులు వసూలు చేయు హక్కును ఇజారాకు, అనగా గుత్తకు ఇచ్చు పద్ధతి కలదు. గుత్త పాడుకొన్నవాడు తన సొమ్మును లాభముతో రాబట్టుకొనుటకు రైతును పీడించును. మందిరముల వైభవమునకు, ఆస్థానపు వేడుకలకు అగు వ్యయము తుదకు రైతు వీపునను, నేతగాని వీపునను పడెడిది. సేనలు తఱచు పొరుగు రాజులతో పోరాడుచుండెను.

ఆ పనివారలలో మన ప్రాంతమువారును కలరు. రేపల్లెకు దక్షిణమున సముద్రతీరమందున్న నిజాంపట్నము ఆనాడు పేరుపొందిన రేవు. దానిని విదేశీయులు పెటపోలి యని పిలిచిరి. ఆ తీరపు టిసుక నేలలలో చిరివేరు పండెడిది. ఆ వేరునుండి తీసిన ఎఱ్ఱరంగు ఎన్ని ఉదుకులకైనను వెలవెలబోదు. ఆ రంగు అద్దిన నూలు వస్త్రములకై దూరదేశపు వర్తకులు ఓడలపై వచ్చుచుండిరి. మహమ్మదు కులీ కాలముననే, 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును నిజాంపట్నమున అడుగుపెట్టిరి. మచిలీపట్టణమునుండి సరకుల బండ్లు తూర్పు వీధిని బట్టి హైదరాబాదు చేరుచుండెను. చార్మినారు చెంత అంగళ్లు కళకళలాడుటకు కృష్ణాతీరపు నేతగాండ్ర మగ్గములును, అద్దకమువారి చేతులును ఎంతో కారణమైనవి. వారి పేర్లు ఏ వీధికిని పెట్టబడలేదు.

1612లో మహమ్మదు కులీ కుతుబుషా పరలోకగతు డయ్యెను. ఆతడు 31 సంవత్సరములు రాజ్యము చేసెను. గోలకొండ చెంత కుతుబుషాహీ సమాధులలో ఆతని సమాధి మిక్కిలి గంభీరమైనది. ఆతనికి పుత్రసంతానము లేకపోవుటచే, ఆతని కుమార్తె హయాత్ బక్షీ బేగమును పెండ్లాడిన అన్నదమ్ముల బిడ్డ మహమ్మదు కుతుబుషా రాజయ్యెను. మక్కా మసీదు నిర్మాణము ఈతని కాలమున ప్రారంభమైనది.

తరువాత వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియరు ఈ నగరమును చూచి, విశాలమైన వీధులు చక్కగా తీర్చబడి యున్నవని మెచ్చుకొనెను. మూసీపై వంతెనను ప్యారిస్ నగరమందలి పేరుపొందిన వంతెనతో పోల్చెను. మన తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని ముచ్చటగా పిలుచుకొనుట మీరెఱుగుదురు గదా! అయితే ఆ యాత్రికుడు దోషమును దాచలేదు. వీధులకు రాళ్లు పఱవకపోవుటచే వేసవిలో ధూళి లేచి జనులను బాధించునని కూడ వ్రాసెను.

గోడలేని నగరమునకు రావలసిన ప్రమాదమును వచ్చినది. 1656లో మొగలు సేనలు హైదరాబాదును దోచుకొనెను. 1685లో మరల మొగలు సేనలు నగరమును పట్టుకొనెను. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట గోలకొండ దుర్గము ఔరంగజేబు వశమయ్యెను. కుతుబుషాహీ వంశము అంతరించెను. నగరము చుట్టు ప్రాకారము లేచినది 18వ శతాబ్దమున మాత్రమే. మహమ్మదు కులీ అందముగా కట్టించుకొన్న దాద్ మహలు గాని, ఖుదాదాద్ మహలు గాని నేడు లేవు. వాయవ్య భాగమున ఆతడు తనకై కట్టుకొన్న సౌధములన్నియు కాలగర్భమున కలిసినవి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై వరదలను అరికట్టుటకు పథకములు సిద్ధమయ్యెను. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. నీటికొఱకు నదియొడ్డున నిలిపిన నగరము, ఆ నదినుండియే తన్ను కాపాడుకొనుట నేర్వవలసి వచ్చెను.

మొగలులు పోయిరి. నిజాములు వచ్చిరి, వారును పోయిరి. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని యయ్యెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడి, ఆ నగరము దానికి రాజధాని యైనది. పది సంవత్సరములు రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధానిగా ఉండి, 2024 జూన్ నుండి తెలంగాణమునకు మాత్రమే రాజధానిగా వెలయుచున్నది. ఇన్ని మార్పులు జరిగినను ఆనాడు గీచిన కూడిక గుర్తు చెరిగిపోలేదు. చార్మినారు క్రింద నిలిచి చూచినచో నాలుగు వీధులు నాలుగు దిక్కులకు పోవుట నేటికిని కనబడును. రాజు తనకై కట్టుకొన్న మేడలు పోయినవి; అందఱి కొఱకు ఖాళీగా విడిచిన వీధి నిలిచినది. ఆతని జీవితమున మనము గ్రహింపవలసిన సారము ఇదియే.

విద్యార్థులారా! ఇల్లు ఒకరిది, వీధి ఏ ఒక్కరిదియు కాదు, కావుననే అది అందఱిది. మన ఊరి వీధులను ఏ రాజును ముందుగా గీయలేదు. అవి మన పెద్దలు తమ ఇండ్ల నడుమ విడిచిన చోటులు. అరుగు ఒక అడుగు, అంగడి మెట్టు రెండడుగులు ముందునకు జరిగినప్పుడెల్ల ఆ చోటు తగ్గును. రోగిని తీసికొనిపోవు బండి తిరుగలేకపోవుట, వాననీరు పోవు దారిలేక ఇండ్లలో నిలుచుట ఆ పిమ్మట కలుగు కష్టములు. రేపు మీరు గృహస్థులై ఇల్లు కట్టుకొనునపుడు, పునాది త్రవ్వుటకు ముందు ఒకసారి వీధివైపు చూడుడు. పరులు నడచుటకు నాలుగడుగుల నేల విడుచుట చిన్న పనియే. దానికి మీ పేరు పెట్టువారుండరు. అయినను మీ మనుమలు ఆ దారిని సుఖముగా నడచుదురు.